కోటిచ్చినవాడూ, మోసినవాడూ

"జాకెట్ ఇక్కడే వదిలేసి వెళ్దామా? తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు."

నేనీ మాటన్నది ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం, చెక్ దేశానికి ఉత్తరాన పోలండ్ సరిహద్దు వెంబడి సాగే క్రకొనోషె కొండల మీద. ఆకాశంలో మబ్బు తునక లేదు. హోర్నీ మీసెచ్కీ అనే చిన్న ఊళ్ళో స్కీలు తగిలించుకుని గంటన్నర పాటు పైకి ఎక్కాం. ఎండకు మంచు కళ్ళలో గుచ్చుకుంటోంది. బెజవాడలో పుట్టి పెరిగిన నాకు మంచు మధ్యలో చెమట పట్టడం అదే మొదటిసారి. పైన ఒక సత్రం ఉంది. అందులో వేడివేడి వెల్లుల్లి సూపు తాగి, బ్లూబెర్రీలు కూరిన ఉండలు తిని బయటికొచ్చేసరికి ఆ జాకెట్ అనవసరపు బరువనిపించింది.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది ప్రాగ్‌లో మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ. అరవైకి దగ్గర పడిన మనిషి. స్కీల మీద మాత్రం నా ఈడుదే. ఇక్కడి బళ్ళలో పిల్లల్ని, ఎక్కువగా ఏడో తరగతిలో, వారం రోజులపాటు కొండలకు తీసుకెళ్ళి స్కీయింగ్ నేర్పిస్తారు. మనం కాలవలో ఈత నేర్చుకున్నట్టు వీళ్ళు దీన్ని నేర్చుకుంటారు.

నా మాటకు ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎక్కడైనా అను గానీ, ఈ గుట్ట మీద ఆ మాట అనకు," అంది. సత్రానికి అవతల రాతితో కట్టిన ఒక స్మారకం వైపు చెయ్యి చూపించింది. "ఒంటి మీద కోటు ఇంకొకడికిచ్చి చనిపోయిన మనిషిది అది. నువ్వేమో ఉన్న కోటు వదిలేస్తానంటున్నావు."

అప్పుడు చూశాను సత్రం బోర్డు. వర్బతోవా బౌద. అంటే వర్బత పేరున్న బౌద. కోటిచ్చినవాడి పేరు వాత్స్లావ్ వర్బత.

అసలీ 'బౌద' అనే మాటలోనే ఈ కొండల చరిత్ర సగం ఉంది. మొదట్లో బౌద అంటే పశువుల కాపరి గుడిసె. వేసవిలో ఆవుల్నీ మేకల్నీ పైకి తోలుకొచ్చి, పాలు పితికి, వెన్నా జున్నూ చేసుకుని, గడ్డి కోసి ఎండబెట్టుకునేవాళ్ళు. ఆ గడ్డినీ, అడవిలో కొట్టిన కలపనీ చలికాలంలో కిందికి చేర్చడానికి కొమ్ముల్లాంటి పిడులున్న కొయ్య బళ్ళు వాడేవాళ్ళు. బండి ముందు నిలబడి, కాళ్ళతోనే ఆపుకుంటూ కిందికి జారాలి. కాలు తప్పితే వెనకున్న కలప మొత్తం మనిషి మీద పడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పట్నం నుంచి వచ్చిన యాత్రికులు అవే బళ్ళలో కూర్చుని, డబ్బులిచ్చి మరీ సరదాగా కిందికి జారడం మొదలుపెట్టారు. కాపరుల గుడిసెలు సత్రాలైపోయాయి. ఒకడి చాకిరీ ఇంకొకడికి ఆటవిడుపు కావడం మనకూ కొత్తేం కాదు. ఇవాళ రిసార్టుల్లో ఎడ్లబండి ఎక్కి ఫోటోలు దిగుతున్నాం కదా.

స్కీల కథ కూడా ఇంచుమించు ఇదే. ప్రాగ్‌లో యోసెఫ్ రోస్లర్ ఓర్జోవ్‌స్కీ అనే క్రీడాభిమాని 1887లో నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. అది పట్నం ముచ్చట. కొండల్లో మాత్రం అవి పనిముట్లుగానే వచ్చాయి. ఇక్కడి అడవులకు సొంతదారైన కౌంట్ యాన్ హరాఖ్ 1892లో తన అడవి ఉద్యోగుల కోసం నార్వే స్కీలు తెప్పించాడు. నడుం లోతు మంచులో కాలినడకన అడవి కాయడం ఎవరివల్ల అవుతుంది? స్థానిక వడ్రంగులు వాటిని చూసి తమ చెక్కతో తామే చేయడం నేర్చుకున్నారు. యాన్ బుఖర్ అనే బడిపంతులు చుట్టుపక్కల ఊళ్ళకు ఆ పిచ్చి అంటించాడు. 1903లో చెక్ స్కీయర్ల సంఘం ఏర్పడితే దానికి అధ్యక్షుడూ ఆయనే. పదేళ్ళు తిరిగేసరికి ఈ కొండల కింద ఉన్న బెనెత్స్కో అనే ఊరి కుర్రాడు దేశంలోనే మేటి స్కీయర్ అయ్యాడు. బోహుమిల్ హంచ్ అతని పేరు.

1913 మార్చి 24. ఈస్టర్ పండగ మర్నాడు. యాభై కిలోమీటర్ల పందెం. బయల్దేరే చోటు లాబ్స్కా బౌద అనే సత్రం. జర్మనీ గుండా ఉత్తర సముద్రం దాకా పోయే ఎల్బా నది పుట్టే చోటికి అది దగ్గర. చెక్‌లో ఆ నదిని లాబె అంటారు. ఆ పొద్దున గాలి వెచ్చగా ఉంది, మంచు కరుగుతోంది. పందెంలో దిగినవాళ్ళు ఆరుగురే. హంచ్ పల్చటి చొక్కాతో, టోపీ కూడా లేకుండా బయల్దేరాడు. ఇదే ఆఖరి పందెమని భార్యకు మాటిచ్చి వచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు.

కొంతసేపటికి వాన మొదలైంది. ఆ వానే మంచుగా మారి, గాలి తోడై తుఫానయ్యింది. కొండ శిఖరాల మీద చెట్లుండవు, గాలికి అడ్డం ఉండదు. ముందు వానకు తడిసి, ఆ తడి బట్టల మీద మంచుగాలి కొడితే ఒంట్లో వేడి ఎంత త్వరగా పోతుందో చలిదేశపు వాళ్ళకు బాగా తెలుసు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. హంచ్ మానలేదు. అతను ముందున్నాడు, పైగా అది అతని కొండ.

వర్బత పందెంలో లేడు. మ్ర్జిచ్నా అనే ఊరివాడు, హంచ్‌కి స్నేహితుడు. స్నేహితుడి పందెం చూద్దామని వచ్చాడు. దారిలో వణుకుతూ కనబడ్డ హంచ్‌కి తన కోటూ టోపీ తీసి ఇచ్చేశాడు. హంచ్ వాటిని తొడుక్కుని ముందుకు సాగిపోయాడు. వర్బత ఆ తుఫానులోనే ప్రాణం వదిలాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. ఇద్దరు స్నేహితులు, ఒక కోటు. బళ్ళో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ హంచ్‌ని మంచులో కనుక్కున్నది మూడో మనిషి.

అతని పేరు ఎమెరిఖ్ రాత్. ఆ ఆరుగురిలో ఒకడు. ప్రాగ్‌లో పుట్టిన జర్మన్. 1908 లండన్, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తాడు. అతను ఆడని ఆట లేదంటారు. ఆ కాలంలో, ఆ దేశంలో మాంసం, మందు ముట్టనివాడు కూడా. తుఫానులో కుప్పకూలిన హంచ్ అతనికి కనబడ్డాడు. పందెం సంగతి వదిలేసి, ప్రత్యర్థిని ఎత్తి లాబ్స్కా బౌద వైపు ఈడ్చుకుంటూ, మోసుకుంటూ పోవాలని చూశాడు. బలం చాల్లేదు. చివరికి హంచ్‌ని అక్కడే వదిలి, పడుతూ లేస్తూ సత్రం చేరి విషయం చెప్పాడు. మనుషులు వెళ్ళి హంచ్‌ని తెచ్చారు. ఎంత ప్రయత్నించినా ప్రాణం నిలబడలేదు. అతని ఒంటి మీదున్న కోటు అతనిది కాదు.

అప్పటి రోజులు ఎలాంటివో గుర్తు తెచ్చుకుంటే గానీ రాత్ చేసిన పని బరువు తెలియదు. అదంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. ఇవే కొండల్లో చెక్ మాట్లాడే ఊళ్ళూ, జర్మన్ మాట్లాడే ఊళ్ళూ పక్కపక్కనే ఉండేవి. బడి ఏ భాషలో, బోర్డు ఏ భాషలో, సంఘం ఎవరిది అని ప్రతిదానికీ తగువే. స్కీ క్లబ్బులూ వేరువేరు. ఇలాంటి తగువుల రుచి మనకు తెలియంది కాదు. అలాంటి కాలంలో ఒక జర్మన్, చెక్‌ల వీరుణ్ణి భుజాన వేసుకున్నాడు. ఆ క్షణంలో అతనికి ఎదురుగా ఉన్నది చెక్ కాదు, చలికి చచ్చిపోతున్న మనిషి.

స్మారకాన్ని 1925లో కట్టారు. అప్పటికి సామ్రాజ్యం పోయి చెకోస్లొవాకియా వచ్చింది. కొత్త దేశానికి సొంత వీరులు కావాలి. హంచ్, వర్బతల స్మారకం అనే దాన్ని పిలుస్తారు. ఇద్దరే. రాత్ అప్పటికి బతికే ఉన్నాడు కాబట్టి స్మారకంలో చోటుండదు, నిజమే. కానీ కథలో కూడా చోటు తగ్గిపోతూ వచ్చింది. తర్వాత హిట్లర్ వచ్చాడు, ఆక్రమణ వచ్చింది, యుద్ధం వచ్చింది. ఆ యుద్ధం ముగిశాక దాదాపు 30 లక్షల మంది జర్మన్లను ఈ దేశం నుంచి వెళ్ళగొట్టారు. రాత్ ఉండిపోయాడు. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక ప్రాగ్‌లో అతని క్రీడాసామగ్రి దుకాణం పోయింది. జైలు కూడా చూశాడు. చివరి రోజులు బ్రౌమోవ్ అనే సరిహద్దు ఊళ్ళో పేదరికంలో గడిపి 1962లో పోయాడు. చెక్‌ల కథకు అతను జర్మన్. ఇక జర్మన్ల కథ చెప్పడానికి ఈ కొండల్లో జర్మన్లే మిగల్లేదు.

ఇదంతా నాకు ఒక్కరోజులో తెలియలేదు. ఆ ఆదివారం తెలిసింది కోటు వరకే. మిగతాది ప్రాగ్ తిరిగొచ్చాక వెతుక్కుని చదివాను. ఈ పందెం మీద 2022లో 'పొస్లెద్నీ జావొద్' అనే సినిమా వచ్చింది. 'ఆఖరి పందెం' అని అర్థం. అందులో రాత్‌ది కూడా ముఖ్యపాత్రే. అది చూసి, సోమవారం మా ఆఫీసావిడను అడిగాను, రాత్ గురించి బళ్ళో చెప్పారా అని. కాసేపు ఆలోచించింది. "పేరు విన్నట్టే ఉంది. కానీ మాకు చెప్పింది ఇద్దరి గురించే," అంది.

ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పింది. ఆ వారాంతం మేం ఉన్నది వాళ్ళ ఖలూపాలో. ఖలూపా అంటే పల్లెలో ఉండే పాత ఇల్లు. చెక్ కుటుంబాలు శుక్రవారం సాయంత్రం సంచీలు సర్దుకుని పోయేది అక్కడికే. కట్టెల పొయ్యి, గుమ్మం పక్కన ఆరేసిన స్కీ బూట్లు, బయట పిల్లల చెక్కబళ్ళు. నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చింది ఆ ఇల్లే. దాని దూలం మీద ఒక సంవత్సరం, రెండు అక్షరాలు చెక్కి ఉంటే అవి వాళ్ళ ముత్తాతవనుకున్నాను. కాదట. యుద్ధం తర్వాత ఖాళీ అయిన ఇంటిని వాళ్ళ నాన్న తీసుకున్నాడు. సరిహద్దు పల్లెల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి. "ఆ అక్షరాలు ఎవరివో మాకు తెలీదు. నాన్న బతికుండగా అడగలేదు," అంది. ఆ పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకున్నప్పుడు ఇవేవీ తెలియని నేను, ఇల్లంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

మళ్ళీ మార్చిలో వెళ్ళాం. మార్చి 24 చెక్ కొండ రక్షకదళం వాళ్ళ రోజు. ఆ దళం పుట్టింది 1935లో, ఈ కొండల్లోనే. హంచ్, వర్బతలు పోయిన తేదీనే వాళ్ళు తమ రోజుగా పెట్టుకున్నారు. ఈసారి లాబ్స్కా బౌద దాకా పోయాం. రాత్ తలుపు తట్టిన సత్రం ఇప్పుడు లేదు. 1965లో కాలిపోయింది. దాని బదులు 1975లో తెరిచిన కాంక్రీటు హోటలు కొండ అంచున పెద్ద ఓడలా నిలబడి ఉంది.

దారిలో పొగమంచు కమ్మింది. పది గజాల అవతల ఏముందో కనబడలేదు. అప్పుడు కనబడ్డాయి కర్రలకు తగిలించిన ఎర్రటి గుర్తులు. వాటిని మూగ గుర్తులంటారు. కామిల్ ముత్తిఖ్ అనే చిత్రకారుడు గీసినవి కాబట్టి ఆయన పేరుతోనూ పిలుస్తారు. ఒక్కో సత్రానికి ఒక్కో ఆకారం. మంచు గడ్డకట్టినా ఆకారాన్ని బట్టి దారి తెలుసుకోవచ్చు. వాటి మీద అక్షరాలుండవు, చెక్ లేదు, జర్మన్ లేదు. తుఫానులో చిక్కుకున్న వాడెవడైనా చదువుకోవచ్చు.

జాకెట్ ఈసారి ఒంటి మీదే ఉంది. వర్బత కథ నాకు నేర్పిన జాగ్రత్త అది. రాత్ కథ నుంచి ఏం నేర్చుకోవాలో అంత తేలిగ్గా చెప్పలేను. కోటిచ్చినవాడు చనిపోయాడు కాబట్టి కథలో మిగిలాడు. మోసినవాడు బతికాడు, కానీ మోసిన మనిషిని బతికించలేకపోయాడు. ఓడిపోయిన సాయానికి స్మారకాలు కట్టరు. ఆ తర్వాత నలభై తొమ్మిదేళ్ళు అతను మార్చి 24ని ఎలా గడిపి ఉంటాడా అని ఆ పొగమంచులో నడుస్తున్నంతసేపూ అనిపించింది.

హోటల్లో వెల్లుల్లి సూపు చెప్పి కూర్చున్నాక, మా ఆఫీసావిడ తనంతట తనే అడిగింది. "ఆయన పేరేమన్నావ్?"

"రాత్," అన్నాను. "ఎమెరిఖ్ రాత్."