ఫ్రేమ్ 427

మాదాపూర్‌లో ఓ ఆఫీసు, సాయంత్రం టీ తాగొచ్చే వేళ. మీరు ఓ డెవలపర్ కుర్చీ వెనక నిలబడ్డారు. అతని ముందు రెండు స్క్రీన్లున్నాయి. ఎడమదాంట్లో డిజైన్లు గీసే ఫిగ్మా, కుడిదాంట్లో నల్లటి టెర్మినల్, అందులో కోడ్ రాసే ఏఐ అసిస్టెంటు. అవతలి వరసలోని డిజైనర్ తన కుర్చీని దొర్లించుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. వయసులో పెద్దది, అతనికి అక్క.

ఫిగ్మాలో ఉన్నది ఓ దరఖాస్తు ఫారం. పేరు, ఫోన్ నంబరు, రాష్ట్రం, జిల్లా, అడుగున ఆకుపచ్చ బటన్. ఒకప్పుడు ఇలాంటి బొమ్మ మీద ఎర్రగీతలు గీసి, ఎక్కడ ఎన్ని పిక్సెళ్లో రాసి డెవలపర్‌కి పంపేవారు. తర్వాత ఆ పని జెప్లిన్ అనే టూల్ చేసిపెట్టింది. 2023లో ఫిగ్మాయే డెవలపర్ల కోసం డెవ్ మోడ్ తెచ్చింది. ఏది వచ్చినా చివరికి ఓ మనిషి ఆ అంకెలు చూసి, తన చేత్తో కోడ్‌లోకి ఎక్కించాల్సి వచ్చేది.

ఇతను అది చేయడం లేదు. షిఫ్ట్, డీ కలిపి నొక్కాడు. డెవ్ మోడ్ తెరుచుకుంది. కుడివైపు ప్యానెల్‌లో ఎంసీపీ సర్వర్ ఆన్ చేశాడు. టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టాడు: 127.0.0.1, పోర్టు 3845. అంటే ఆ సర్వర్ ఎక్కడో అమెరికాలో లేదు, ఈ బల్ల మీది కంప్యూటర్లోనే ఉంది. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. ఏఐ అసిస్టెంటును బయటి టూళ్లతో కలిపే ఈ పద్ధతిని ఆంత్రోపిక్ 2024 నవంబరులో బయటపెట్టింది. 2025 జూన్‌లో ఫిగ్మా దాన్ని అందుకుని తన సర్వర్‌ను బీటాలో వదిలింది.

ఫారం మీద క్లిక్ చేసి అతను అసిస్టెంటుకు టైపు చేస్తున్నాడు: ‘సెలెక్ట్ చేసిన ఫ్రేమ్‌ను కట్టు. మన ప్రాజెక్టులో ఉన్న కాంపొనెంట్లే వాడు.’

టెర్మినల్ ఆగి, ఫిగ్మాలోకి వెళ్లనా అని అడిగింది. సరేనన్నాడు. వరసలు పైకి పాకుతున్నాయి. మీరు ముందుకు వంగి చదువుతారు. రంగులు, ఎడాలు, ఫాంటు సైజులు, పొర లోపల పొర. వాటి మధ్య పేర్లు: ఫ్రేమ్ 427. గ్రూప్ 18. రెక్టాంగిల్ 6.

“అయ్యో, పేర్లు పెట్టలేదు కదూ,” అంది డిజైనర్.

“నాకైతే చూస్తే తెలుస్తుంది, అక్కా. దీనికి తెలియాలి కదా.”

రెక్టాంగిల్ 6 బటన్ అని మీకూ తెలుస్తూనే ఉంది. అసిస్టెంటు స్క్రీన్‌షాట్ కూడా తెప్పించుకోగలదు, అయినా ఎక్కువగా నమ్ముకునేది రాతనే. మనిషిని చూడకుండా కొలతల చీటీతో కుట్టే దర్జీ పని దీనిది. ప్రాజెక్టులో ఎప్పటి నుంచో వాడుతున్న బటన్ ఉండగా, ఇది కొత్తగా ఇంకో బటన్ కట్టేసింది. ఆకుపచ్చకు వేరియబుల్ లేదు కాబట్టి హెక్స్ కోడ్‌ను అలాగే దించేసింది. గడులు వాటంతటవే సర్దుకునే ఆటో లేఅవుట్ పెట్టని చోట ప్రతి గడినీ పైనుంచి ఇంత, ఎడమనుంచి ఇంత అని మేకు కొట్టినట్టు బిగించింది. బ్రౌజర్ కిటికీని ఫోనంత సన్నగా లాగితే జిల్లా గడి పక్కకు పొడుచుకొచ్చింది.

అసలు చిక్కు ఇంకొకటి. డెవలపర్ భాష మార్చే మీట నొక్కి, తెలుగు పెట్టాడు.

‘రాష్ట్రం’ కింద తెగిపోయింది. షకారం కనిపిస్తోంది. దాని కిందున్న టవత్తు సగం, రవత్తు తోక గల్లంతు.

ఎందుకో వెతుకుతున్నారు. మీరూ వాళ్లతో పాటే ఫైలు చూస్తున్నారు. డిజైన్‌లో ఆ గడిలో నమూనాగా ఉన్న మాట ఇంగ్లీషుది. అక్షరం 16 పిక్సెళ్లు, లైన్ హైట్ కూడా 16. ఇంగ్లీషుకు అది ఇరుకే అయినా ఇమిడిపోయింది. గడి దాటింది కత్తిరించమన్న సెట్టింగు కూడా ఫైల్లోనే ఉంది. అసిస్టెంటు రెంటినీ పొల్లుపోకుండా పాటించింది. తెలుగు మాటలేమో వేరే ఫైల్లోంచి తర్వాత వచ్చి పడతాయి. వాటి సంగతి బొమ్మలో ఎక్కడా లేదు. తెలుగు యాప్‌లలో వత్తులు తెగడం పాత జబ్బే. ఇదివరకు ఎవరో ఒక డెవలపర్ కంటపడితే అడగకుండానే నాలుగు పిక్సెళ్లు పెంచేవాడు. ఆ పని ఎవరి లెక్కల్లోనూ ఉండేది కాదు.

డిజైనర్ మౌస్ లాక్కుంది. నమూనా మాట తీసేసి ‘రాష్ట్రం’ అని కొట్టింది. లైన్ హైట్‌ను 26 చేసి, దాన్ని వేరియబుల్‌గా కట్టింది. ఫ్రేమ్ 427 ఇప్పుడు ‘దరఖాస్తు ఫారం’. గడులన్నిటికీ ఆటో లేఅవుట్. తర్వాత ఓ యానొటేషన్ అతికించింది: ‘ఎత్తు ఫిక్స్ చేయొద్దు. తెలుగులో చూడాలి.’ అసిస్టెంటుకు అదీ అందుతుంది.

“బటన్‌కి కోడ్ కనెక్ట్ పెడదామా?” అని అడిగింది. డిజైన్‌లోని ఈ బటన్ కోడ్‌లో ఫలానా బటన్ అని ముడివేసే ఏర్పాటు అది.

“దానికి మన ప్లాన్ చాలదక్కా. రూల్స్ ఫైల్లో రాసేస్తా.”

మళ్లీ నడిపాడు. ఈసారి బటన్ పాతదే వచ్చింది. ఆకుపచ్చ కూడా వేరియబుల్ పేరుతోనే, అది ఆమె మధ్యలో ఎప్పుడు పెట్టిందో మీరు గమనించలేదు. ‘రాష్ట్రం’ కింద రెండు వత్తులూ నిండుగా ఉన్నాయి. జిల్లా గడిలోని బాణం గుర్తు మాత్రం ఓ పిక్సెల్ కిందికి జారింది. అతను దాన్ని చేత్తో సరిచేసి కమిట్ కొట్టాడు. ఆమె అప్పటికే తర్వాతి స్క్రీన్ తెరిచి, గ్రూప్ 31 పేరు మారుస్తోంది.