భీమునిపట్నం రేవు

రెండేళ్ళ క్రితం ఒక వైద్య సదస్సు నిమిత్తం యూరపు వెళ్ళినప్పుడు, పని ముగిశాక మూడు రోజులు మిగిలితే ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డునున్న ఒపాటియా అనే ఊరు చూసివచ్చాము. ఆ సంగతి తెలిసిన దగ్గరనుంచి మన సంఘం మిత్రులు "ఆ ప్రయాణం గురించి నాలుగు పేజీలు రాసి ఇవ్వండి" అని అడుగుతూనే ఉన్నారు. మేమూ ఇదిగో అదిగో అంటూ వాయిదా వేస్తూ వచ్చాము. ఈలోగా మొన్న డిసెంబరులో ఇంటికి వెళ్ళి భీమునిపట్నం చూశాము. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే కలం భీమిలి వైపే పోతోంది. అడిగిన ఊరు ఒకటి, ఇస్తున్న ఊరు ఇంకొకటి. మిత్రులు క్షమించాలి.

అయినా ఒపాటియా ముచ్చట కొంత చెప్పక తప్పదు. నేడది క్రొయేషియాలో ఉంది. ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో దాన్ని అబ్బాజియా అనేవారు. 1844లో పక్కనున్న రియేకా రేవు వర్తకుడు ఇజీనియో స్కార్పా, చనిపోయిన తన భార్య పేర అక్కడొక విల్లా కట్టించాడు. అప్పటికది చిన్న పల్లె. వియన్నా నుంచి ట్రియెస్టుకు రైళ్ళు నడిపే కంపెనీ 1873లో రియేకాకు శాఖ వెయ్యటంతో ఊరి దశ తిరిగింది. ఆ కంపెనీయే 1884లో సముద్రం ఒడ్డున పెద్ద హోటలు కట్టించింది. 1889లో ప్రభుత్వం ఆ ఊరిని ఆరోగ్య విహారస్థలంగా ప్రకటించింది. ఊపిరితిత్తుల జబ్బులకు సరైన మందులు లేని రోజులవి; గాలి మార్పే మందు. కడుపు ఆపరేషన్లకు తన పేరు మిగిల్చి వెళ్ళిన బిల్రోత్ గారు, మేము మెడికల్ కాలేజీలో కంఠస్థం చేసిన ఆ బిల్రోతే, 1894లో కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఒడ్డు వెంట ఏడు మైళ్ళ పైచిలుకు నడకదారి ఉంది. ఆ దారిలో ఒక బండ మీద, చేతిలో సముద్రపు పక్షితో నిలుచున్న అమ్మాయి శిల్పం చూపించి గైడు ఒక కథ చెప్పాడు. 1891లో పడవ బోల్తాపడి ఒక కౌంటు మునిగిపోయాడట. అతని జ్ఞాపకార్థం ఆ బండ మీద మరియమ్మ విగ్రహం నిలిపారట. ఇప్పుడున్న శిల్పం 1956 నాటిది. విగ్రహం మారినా కౌంటు కథ మాత్రం నూట ముప్ఫయ్యేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

ఈ కౌంటుగారు మాకు మళ్ళీ భీమిలిలో గుర్తుకొచ్చారు.

విశాఖపట్నానికి భీమిలి 15 మైళ్ళు. చదువుకునే రోజుల్లో ఆదివారం వస్తే స్నేహితుల మోటారుసైకిళ్ళ వెనక కూర్చుని ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. తొట్లకొండ బౌద్ధారామం, అది దాటాక ఎర్రమట్టి దిబ్బలు, ఆ తరువాత గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఊరు. అప్పట్లో మాకు భీమిలి అంటే కాల్చిన మొక్కజొన్న పొత్తులు, చల్లగాలి, 1978లో "మరో చరిత్ర" తీసిన ఊరు, అంతే. ఈసారి పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళటంతో చరిత్ర చెప్పే భారం మా మీద పడింది. మూడో తరగతి చదివే మా అమ్మాయి దేన్నీ ఊరికే చూడదు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు అని వరసగా అడుగుతుంది.

కట్టినవాళ్ళ గురించి చెప్పటం భీమిలిలో కష్టం కాదు. కొండమీద నరసింహస్వామి గుడి ఉంది. పాండవుల్లో భీముడు బకాసురుణ్ణి చంపి ఆ స్వామిని ప్రతిష్ఠించాడనీ, అందుకే ఊరికి ఆ పేరనీ స్థలపురాణం. ఆ కొండనే పావురాళ్ళకొండ అంటారు. రెండువేల ఏళ్ళ క్రితం అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాననీరు నిలవ చేసుకోవటానికి రాతిలో తొలిపించుకున్న తొట్లు ఇంకా ఉన్నాయి. 17వ శతాబ్దంలో డచ్చివారు, అంటే మన పెద్దల మాటలో వలందావారు, వచ్చి ఇక్కడ కొఠీ పెట్టుకుని బట్టలూ బియ్యమూ కొని ఓడలకెత్తారు. 1754లో మరాఠా సేనలు పడి ఆ కొఠీని దోచుకున్నాయి. ఇంగ్లీషువారు 1795లో ఊరిని పుచ్చుకుని, 1818లో తిరిగి ఇచ్చి, 1824 నాటి ఒడంబడిక ప్రకారం 1825లో మళ్ళీ పుచ్చుకున్నారు. ఐరోపాలో ఎవరు ఎవరితో పోట్లాడినా, ఇక్కడ జెండా మారేది. ఊళ్ళోవాళ్ళను అడిగినవాడు లేడు.

డచ్చివారి శ్మశానం సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఇటుకా సున్నంతో కట్టిన సమాధులు, కొన్ని గోపురాల్లా సూదిగా లేచి ఉన్నాయి. ఉప్పుగాలికి పెచ్చులూడినా రాతిమీద చెక్కిన అక్షరాలు కొన్నిచోట్ల తెలుస్తున్నాయి. మా అమ్మాయి వేలితో తడుముతూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. ఎక్కడో హాలెండులో పుట్టి, భీమిలి జ్వరాలకు బలైన గుమాస్తాలూ, కెప్టెన్లూ. మూడు వందల ఏళ్ళ తరువాత జార్జియానుంచి వచ్చిన తెలుగు పిల్ల వాళ్ళ పేర్లు చదువుతోంది.

"మరి మనవాళ్ళవి ఎక్కడ?" అంది.

మనలో చాలామందిమి దహనం చేస్తాము, సమాధులు కట్టము అని చెప్పాము. అది నిజమే. కాని అది పూర్తి సమాధానం కాదని చెబుతున్నప్పుడే మాకు తెలుసు.

డచ్చివారు వెళ్ళాకనే భీమిలికి అసలు మంచి కాలం వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలో మొట్టమొదట ఏర్పడిన వాటిలో ఇదొకటి. ఆ మధ్య దాన్ని విశాఖ మహానగరంలో కలిపేశారు. గడియారస్తంభం, దీపస్తంభం, చర్చి ఆనాటి వైభవానికి సాక్షులు. ఎగుమతులు నువ్వులు, వలిసెలు, నీలిమందు, కరక్కాయలు, అన్నిటికీ మించి గోగునార. కరక్కాయ మనకు దగ్గుమందు, దొరలకు తోళ్ళు ఊనే సరుకు. గోగునార సంగతి ఇంకా తమాషా. ప్రపంచం అంతటా నార వర్తకులు దాన్ని ఈ ఊరి పేరుతోనే "బిమ్లి జ్యూట్" అన్నారు. ఆ మొక్క మన గోంగూర కుటుంబంలోదే. కమ్మింగ్‌లో పెరటి మళ్ళలో, జింకలు తినకుండా వలలు కట్టి, పంపకాలు వేసుకుని మరీ పెంచుతున్నామే, ఆ గోంగూర చుట్టమే ఒకప్పుడు భీమిలి ఒడ్డున ఓడలకెక్కింది. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వారు గాని, మా ఇంటావిడ మాత్రం మన ఎగుమతి ఇంకా ఆగలేదన్నమాట అంది.

ఓడలకెక్కింది అన్నాము గాని, భీమిలిలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. అక్కడ హార్బరు లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసి నిలిచేది. మధ్యలో విరిగిపడే కెరటాలను దాటించి సరుకునూ మనుషులనూ చేర్చింది మసూలా పడవలు. వీటికి ఇనప మేకు ఒక్కటి ఉండదు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరిపీచు తాడుతో కుట్టేస్తారు. మేకులతో బిగించిన పడవ ఆ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ దెబ్బకు కొంచెం వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఎముకల డాక్టర్లు మన సంఘంలో ఇద్దరున్నారు. కీలుకీ అతుకుకీ ఉన్న తేడా వారు ఇంకా బాగా చెప్పగలరు. బెస్తవారు ఆ పడవలను ఏ పుస్తకమూ చదవకుండా తరతరాలుగా కట్టారు. వారి చేతులు లేకపోతే కొఠీలూ బ్యాంకులూ అన్నీ ఒడ్డునే ఉండిపోయేవి.

ఒపాటియాను రైలు లేవనెత్తింది. భీమిలిని రైలు తప్పించుకుపోయింది. 1890లలో తూర్పుతీరం వెంట మార్గం వేసినప్పుడు రైలు విజయనగరం మీదుగా వాల్తేరుకు వెళ్ళింది. సరుకు నెమ్మదిగా రైలు వెంట పోయింది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరవటంతో మిగిలిందీ పోయింది.

అయితే ఈ రేవునుంచి వెళ్ళిన సరుకు నువ్వులూ నారే కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవులనుంచి దశాబ్దాల తరబడి మనుషులు బర్మా వెళ్ళారు. ఉత్తరాంధ్రలో దాన్ని "రంగం వెళ్ళటం" అనేవారు. రంగం అంటే రంగూన్. 1852లో ఇంగ్లీషువారు దిగువ బర్మా పట్టుకున్నాక అక్కడ వరిసాగు విస్తరించింది. బియ్యం మిల్లులకూ, రేవులో మూటలు మోయటానికీ మనుషులు కావలసివచ్చారు. ఇక్కడ కరువు, అప్పులు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, టిక్కెట్టు కొనేవాడు. అక్కడ ఆ బాకీ కూలిలోంచి కోసుకునేవాడు. బాకీ తీరినా కూలీలో తన వాటా తీసుకునేవాడు. డెక్కుమీద, ఎండకూ వానకూ, మూటల మధ్య ప్రయాణం. కోరంగి రేవు పేరే బర్మాలో మన కూలీల మొత్తానికి పేరైపోయింది. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తేలగానే వీరిని మళ్ళీ తీసుకుని వారిని పొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ మధ్య మంట రాజుకుంది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. 1942లో జపానువారు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవులూ కొండలూ పడి నడిచి వచ్చారు. మలేరియా, కలరా, రక్తవిరేచనాలు దారిపొడుగునా వేలమందిని తీసుకుపోయాయి. మేము వైద్యులం కనుక ఆ మూడు జబ్బుల పేర్లు రాస్తున్నప్పుడు వాటి వెనక ఏముంటుందో తెలుసు. ఉప్పూ చక్కెరా కలిపిన శుభ్రమైన నీళ్ళతో చాలామంది బతికేవారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. విజయనగరం దగ్గర మా స్వగ్రామంలో మా ఇంటిని పాతవాళ్ళు "రంగం మేడ" అంటారు. మా ముత్తాత రంగం వెళ్ళి సంపాదించి కట్టాడని, ఆ డబ్బుతోనే మా తాతగారు హైస్కూలుకు వెళ్ళారని, ఆ మెట్టు మీదనుంచే మేము డాక్టర్లమయ్యామని గర్వంగా చెప్పుకుంటూ పెరిగాము. ఆయన అక్కడ ఏం చేసేవాడని ఎవరూ అడగలేదు. ఈసారి మా పెదనాన్నగారిని గుచ్చిగుచ్చి అడిగితే, కొంతసేపు ఊరుకుని, "మేస్త్రీయే కదరా" అన్నారు. 1942లో ఆయన ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు చేరి ఇంటికి వచ్చాడట. వెంట తీసుకువెళ్ళినవాళ్ళు ఏమయ్యారో ఆయన ఎన్నడూ చెప్పలేదట.

ఆ మర్నాడే భీమిలి వెళ్ళటం. సాయంత్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాము. "తాతా, స్టీమర్లు ఎక్కడ ఆగేవో తెలుసా?" అని అడిగితే చేత్తో దూరంగా చూపించాడు.

"మా తాత అన్న కూడా ఇక్కడే ఎక్కి రంగం ఎల్లాడంట బాబూ. మేస్త్రీ వొచ్చి అడ్వాన్సిచ్చి తీసుకెల్లాడంట. మరి రానేదు."

పేరేమిటని మా అమ్మాయి అడిగింది. "మా అయ్యకి తెలుసును పాపా. అయ్య పోనాడు" అని వల వైపు తిరిగాడు.

ఏ మేస్త్రీ అని మేము అడగలేదు. ఆ తీరంలో మేస్త్రీలు ఎందరో ఉండేవారు, మా ముత్తాతే కావాలని లేదు అని కారులో తిరిగి వస్తూ ఒకరికొకరం చెప్పుకున్నాము. అది లెక్క ప్రకారం సరైన మాటే.

తిరిగి వచ్చాక ఒక శనివారం మన ఊరి నడిబొడ్డున కోర్టు దగ్గర ఆగి, 2021లో నిలిపిన పలక చదివాము. ఇన్నేళ్ళుగా దాని పక్కనుంచే వెళ్తున్నాము. 1912లో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి మూక జైలునుంచి లాగి చంపింది ఈ కమ్మింగ్‌లోనే. ఆ తరువాత కొద్ది వారాల్లో ఫోర్సైత్ కౌంటీలో ఉన్న వెయ్యిమందికి పైగా నల్లవారిని రాత్రిళ్ళు బెదిరించి వెళ్ళగొట్టారు. వారి పొలాల్లో కొన్ని 1950లలో కట్టిన లేనియర్ సరస్సు కింద ఉన్నాయి. మనం వేసవిలో పులిహోరా పెరుగన్నమూ కట్టుకుని పిల్లల్ని ఈతకు తీసుకువెళ్ళే ఇసుకతీరం ఆ సరస్సుదే. 109 ఏళ్ళు పట్టినా, ఒక్క పేరైనా లోహం మీదికి ఎక్కింది. మా అమ్మాయి దాన్ని కూడా వేలితో తడుముతూ చదివింది.

భీమిలి ఒడ్డున అలాంటిది ఏదీ మాకు కనపడలేదు. అక్కడ ఎక్కినవారి పేర్లు ఒక్కచోట ఎక్కడా లేవు. మన సంఘంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాలవారు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలో ఎవరైనా రంగం వెళ్ళి ఉంటే, వచ్చినా రాకపోయినా, వారి పేరు, ఊరు, ఏ రేవునుంచి వెళ్ళారు, ఏ పని చేశారు అన్నది పెద్దలను అడిగి రాసి పంపవలసిందిగా కోరుతున్నాము. పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, ఫోటోలు ఉంటే నకలు చాలు. మేస్త్రీల పేర్లు కూడా పంపండి. మొదటి కాగితం మీద మా ముత్తాత పేరు రాసి పెట్టాము. వల బాగుచేసుకుంటున్న ఆ తాత పెదతాతగారికి రెండో వరస ఖాళీగా ఉంచాము. మా పెదనాన్నగారు సంక్రాంతికి భీమిలి వెళ్ళి అడిగి వస్తానన్నారు.