శాలిహోత్రుడు మొదలు ఉద్గీరు కళాశాల వరకు

గుర్రము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలొక సామెత చెప్పుదురు. పని చేయక తిని కూర్చుండువానిని ఎత్తిపొడుచుటకు దీనిని వాడుట పరిపాటి. కాని గుడ్డిదో, కుంటిదో, ముసలిదో అయిన గుర్రమునకు నిజముగా దాణా వేయవలెనా, దానిని మరల నడిపింపవచ్చునా అను ప్రశ్న సామెతతో తీరునది కాదు. రాజ్యములేలినవారు కూడ దీనిని ఆలోచించినారు. నేడు ఇంగ్లండు మొదలగు దేశములలో అశ్వచికిత్స, పునరావాసము అను పేర ఈ విద్యను పట్టము వరకు బోధించుచున్నారు. పిల్లలను ఏ చదువులో వేయుదుమా అని తర్జనభర్జన పడుచున్న తలిదండ్రులు మన సంఘములో అనేకులు కలరు గనుక, ఈ చదువు పుట్టుపూర్వోత్తరములను ఉగాది సంచిక ద్వారా మనవి చేయ సాహసించినాము.

రైల్వే కచేరీలో కాగితములతో ప్రొద్దు పుచ్చు మీకు గుర్రముల గొడవ ఏల అని మిత్రులు నవ్వవచ్చును. మా కుటుంబము స్థిరపడిన మర్ఖేల్ గ్రామము నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనిది. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును చెవిని పడు సరిహద్దు సీమ అది. ఇదే జిల్లాలో లోహా తాలూకా మాలేగావులో మార్గశిర బహుళమున ఖండోబా జాతర జరుగును. మనము మల్లన్న అని కొలుచు మైలారుదేవుడే అక్కడ ఖండోబా. ఆ స్వామి వాహనము గుర్రము. ఆ జాతరలో నేటికిని గుర్రముల బేరము సాగుచున్నది. నాందేడు గురుద్వారాలో గుర్రములను భక్తితో పోషించి, పండుగ ఊరేగింపులలో నడిపింతురు. అదిగాక, మా రైలుబండి వచ్చి గుర్రమును దారి తప్పించినది. ఆ రైలు ఉప్పు తినువారము గనుక గుర్రమునకు మేము కొంత ఋణపడియున్నామని మా భావము.

పశువులకు వైద్యము చేయించుట రాజధర్మమని శిలపై చెక్కించినవాడు అశోకుడు. మనుష్యులకును పశువులకును వేరువేరుగా చికిత్స ఏర్పాటు చేసితినని ఆయన రెండవ శిలాశాసనము తెలుపుచున్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ శాసనముల ప్రతి మన తెలుగుగడ్డ మీదనే కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుని గూర్చి ఒక అధ్యాయమే కలదు. యుద్ధముచేతను, రోగముచేతను, ముసలితనముచేతను క్షీణించిన గుర్రములకు పోషణకు తగిన మేత పెట్టవలెనని అందు విధించినారు. వైద్యుని లోపమున రోగము పెరిగినచో చికిత్సకైన ఖర్చుకు రెండింతలు జరిమానా! గుడ్డి గుర్రపు దాణాకు ఇంతకంటె పాత జవాబు వేరొకటి కావలయునా?

గుర్రపు వైద్యమునకు మూలపురుషుడుగా మనవారు శాలిహోత్రుని చెప్పుదురు. నకులుని పేర కూడ అశ్వచికిత్సా గ్రంథమొకటి కలదు. విరాటుని కొలువులో దామగ్రంథి అను మారుపేరుతో గుర్రములను కాచినవాడు అతడే గదా! జయదత్తుడు అశ్వవైద్యకము రచించినాడు. మన తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును పద్యములలో సంతరించినాడు. సుల్తానుల కాలమున శాలిహోత్ర శాస్త్రము పారసీలోనికి పోయినది. ఆ ఋషి పేరే అరిగి అరిగి, హిందూస్తానీలో గుర్రపు వైద్యునకు సలోత్రీ అను పేరైనది. ఋషి పేరు చివరకు ఒక వృత్తి పేరుగా నిలిచినదన్నమాట.

ఇంతటి శాస్త్రముండియు మన దక్షిణదేశమున గుర్రములు గుంపులు గుంపులుగా చచ్చుచుండెను. పదమూడవ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో పాండ్యదేశపు తీరమును గూర్చి వ్రాసినది చదివిన మనసు కలుక్కుమనును. అక్కడి రాజు ఏటేట 2000కు పైగా గుర్రములు కొనుననియు, సంవత్సరాంతమునకు అందులో 100 కూడ మిగులవనియు అతడు వ్రాసినాడు. గుర్రములను సాకుట తెలిసినవారు లేకపోవుటయే ఇందుకు కారణమట. అమ్మకము తగ్గునను భయముచేత వర్తకులు తమ దేశపు గుర్రపు వైద్యులను ఇటు రానీయరైరట. యాత్రికుని మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. అయినను శాస్త్రము తాళపత్రములలోను, గుర్రము లాయములోను వేరువేరుగా ఉండిపోయినవని తెలియుచునే యున్నది.

కాకతీయ గణపతిదేవుని కొలువులో గంగయ సాహిణి తురగసాధనికుడను బిరుదు పొందినాడు. దళము నడిపినవాని పేరు శాసనమునకెక్కినది. లాడము కొట్టినవాని పేరు, రాత్రియెల్ల మేల్కొని కడుపునొప్పి గుర్రమును త్రిప్పినవాని పేరు ఏ శాసనములోను కానరాదు. విజయనగరమున కృష్ణరాయలు ఏటా 13,000 గుర్రములు కొనువాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. అంతకుముందు సాళువ నరసింహుడు సముద్రము మీద చచ్చిన గుర్రపు తోక తెచ్చి చూపినను పూర్తి వెల ఇచ్చెడివాడట. తోకకు వెల కట్టిన ఖజానాలున్నవి గాని, ప్రాణము నిలుపువానికి చదువు చెప్పు పాఠశాల లేదు.

అట్టి పాఠశాల మొదట ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1762లో తెరువబడినది. స్థాపకుడు క్లాడ్ బూర్గెలా అశ్వారోహణ విద్యాలయమునకు అధిపతి. పశువుల మహమ్మారి అరికట్టుట కూడ ఆ పాఠశాల ఉద్దేశములలో ఒకటి. లండనులో 1791లో కళాశాల వెలసినది. మన దేశమున సైన్యపు గుర్రముల కొరకు పూనాలో 1862లో పశువైద్య పాఠశాల పెట్టినారు. పిదప లాహోరులో 1882, బొంబాయిలో 1886, మద్రాసులో 1903 సంవత్సరములలో కళాశాలలు ఏర్పడినవి. గుర్రములను, ఒంటెలను పీడించు సుర్రా వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో కనుగొన్నది కూడ నాటి మన దేశములోనే, డేరా ఇస్మాయిల్ ఖానులో.

హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946లో స్థాపింపబడినది. అప్పుడు నాందేడు జిల్లా హైదరాబాదు సంస్థానములోనిదే గనుక అది మర్ఖేల్ పిల్లవానికి తన రాజధానిలోని కళాశాల. 1956లో రాష్ట్రములు విడిపోగా నాందేడు బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చెందినది. ఒక గీత గీయగానే హైదరాబాదు కళాశాల పరరాష్ట్రపుదైనది. 1955లో బాపట్లలో ఆరంభమై 1957లో తిరుపతికి తరలిన ఆంధ్ర కళాశాలయు అంతే. మన ప్రవాసాంధ్రుల బాధ ఇదే గదా: ఇల్లు కదలలేదు, దేశము కదలినది! అయితే 1972లో పర్భణీలోను, 1987లో ఉద్గీరులోను పశువైద్య కళాశాలలు రాగా ఆ లోటు తీరినది. 1760లో సదాశివరావు భావు దండుకును నిజాము దండుకును పోరు జరిగి, ఎన్నో గుర్రములు నేలకూలిన ఉద్గీరులోనే నేడు పశువులకు ప్రాణదానము చేయు విద్య బోధింపబడుట మాకు మిక్కిలి సంతోషము కలిగించు విషయము.

ఇక పునరావాస విద్యలో నేర్పునదేమి? గుర్రపు బరువులో సుమారు నూటికి 60 వంతులు ముందుకాళ్ల మీదనే పడును. ఒక కాలు విరిగిన భారమంతయు తక్కిన కాళ్ల మీద పడి, వాటి గిట్టలలో వాపు పుట్టి, మంచి కాళ్లు కూడ చెడును. అందుచేతనే వెనుకటివారు కాలు విరిగిన గుర్రమును తుపాకితో కాల్చివేయుచుండిరి. ఈ విద్యార్థి మొదట ఎముకలు, నరములు, గిట్టలు చదువును. గుర్రము నడకను చూచి నొప్పి ఏ కాలిదో పోల్చుట నేర్చును. విశ్రాంతి ఎన్ని వారములు, చేత పట్టి నడిపించుట ఎప్పుడు, నీటిలో నడిపించుట ఎప్పుడు, తిరిగి మనిషిని ఎక్కించుట ఎప్పుడు అను క్రమమును నేర్చును. కాలిన ఇనుముతో వాతలు పెట్టుట మన పల్లెలలోను, దొరల దేశములలోను కూడ ఉండెడిది. నేటి శాస్త్రము దానిని మెచ్చుకొనదు. ఓపిక పట్టుమనియే చెప్పును.

ఈ విద్యకు రెండవ ముఖము కూడ కలదు. డెన్మార్కు దేశపు లిజ్ హార్టెల్ అను స్త్రీకి 1944లో పోలియో వచ్చి మోకాళ్ల క్రింద స్వాధీనము తప్పినది. ఆమె గుర్రము మీదనే సాధన చేసి 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో వెండి పతకము గెలిచినది. అటుపిమ్మట అవిటి పిల్లలకు గుర్రపుస్వారి ద్వారా చికిత్స చేయు పద్ధతి అనేక దేశములలో ప్రబలినది. మనిషి బాగుచేసిన గుర్రము తిరిగి మనిషిని బాగుచేయుచున్నది.

మన కళాశాలలలో బి.వి.ఎస్సీ. పట్టము ఐదున్నర సంవత్సరములు. అందు ఒక సంవత్సరము ఆసుపత్రి పని. గుర్రము అందులో ఒక భాగము మాత్రమే. గుర్రముల పరిశోధనకై హిస్సారులో 1985లో ప్రత్యేక కేంద్రము ఏర్పడినది. మన ప్రాంతమున టాంగాలు తగ్గినవి, నిజమే. కాని జాతరలో గుర్రములున్నవి, పెండ్లి ఊరేగింపులలో ఉన్నవి, ఇటుకబట్టీల దగ్గర బరువులు మోయునవి ఉన్నవి. పందెపు గుర్రమునకు వైద్యుడు పరుగున వచ్చును. బట్టీ దగ్గరి గుర్రమునకు వచ్చువాడెవడు?

కాబట్టి మర్ఖేల్, దెగ్లూరు ప్రాంతముల తెలుగు తలిదండ్రులకు మా విన్నపమొక్కటే. పిల్లవాడు పశువును ప్రేమించువాడైనచో, పశువుల డాక్టరా అని చప్పరించి అతనిని కచేరీ ఉద్యోగమునకు త్రోయకుడు. కచేరీ ఉద్యోగము సంగతి మాకు తెలియును! చదువబోవునట్టి ఆ పిల్లవాడు కూడ, పట్టము చేత పట్టుకొనునాటికి, మన పల్లెలలో మిగిలిన సైసు దగ్గరను, లాడములు కొట్టు నాల్‌బందు దగ్గరను ఒక్క గడియ కూర్చుండి వారికి తెలిసినది కాగితము మీద పెట్టవలెను. మంచిది గ్రహించి, వాతల వంటివి విడువవలెను. తాళపత్రమును లాయమును కలుపు పని ఇన్ని వందల ఏండ్లుగా నిలిచియున్నది. అది మన సరిహద్దు పిల్లల చేతి మీదుగా జరుగుగాక యని కోరుచు, పాఠక మహాశయులకెల్లరకు నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాము.