లారీ ఉంది, డ్రైవరు ఏడీ?



రాజపాళయం అనగానే నూలు మిల్లులు, సత్రపట్టి బ్యాండేజి గుడ్డ, కొండకింది మామిడితోటలు గుర్తుకొస్తాయి. ఆ సరుకంతా మోసుకు తిరిగే లారీ డ్రైవరు మాత్రం వెంటనే గుర్తుకు రాడు. ఇప్పుడతని అవసరం బాగా తెలిసివస్తోంది. బండి ఉంటుంది, సరుకు ఉంటుంది, నడిపే మనిషి దొరకడు. ఈ కొరత ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

తెలుగుసీమ నుంచి తరలివచ్చిన రాజులు స్థిరపడిన ఊరు ఇది. 1927లో విరుదునగరం – తెన్కాశి రైలుమార్గం ఈ ఊరి మీదుగా పడింది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ రోజుల్లో దూరం వెళ్ళే సరుకుకు రైలే దిక్కు. ఊరి నుంచి స్టేషనుకు ఎద్దుబండ్లు. 1950 – 51 నాటికి కూడా దేశంలో సరుకు రవాణాలో పదింట తొమ్మిది పాళ్ళ దాకా రైళ్ళదే.

తర్వాత రోడ్డు పైచేయి అయింది. రైలు స్టేషను దగ్గరే ఆగిపోతుంది, లారీ మిల్లు గేటు దాకా వస్తుంది. 1957లో మద్రాస్ సిమెంట్స్ స్థాపనతో ఈ ప్రాంతానికి సిమెంటు మోత కూడా తోడయింది. గుంటూరు వైపు నుంచి పత్తి బేళ్ళు దిగేవి. ఒక్కో బేలు 170 కిలోలు. ఇటు తెన్కాశి, సెంగోట, ఆర్యంకావు కనుమ దాటి కొల్లానికి సరుకు వెళ్ళేది. ఇంత పనికి డ్రైవర్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఏ బడీ వారిని తయారు చేయలేదు. వారి బడి క్లీనరు సీటు.

పదిహేను, పదహారేళ్ళ కుర్రవాడు క్లీనరుగా చేరేవాడు. బండి కడగడం, టైర్లలో గాలి చూడడం, తాళ్ళు బిగించడం, వెనక్కు తీసేటప్పుడు చెయ్యి ఊపి దారి చెప్పడం అతని పని. ఖాళీ రోడ్డు మీద గురువు దయ తలిస్తే స్టీరింగు చేతికొచ్చేది. కనుమ దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకుండా తక్కువ గేరులో దింపడం అలాగే నేర్చేవాడు. కొన్నేళ్ళకు డ్రైవరయ్యేవాడు. కాస్త కూడబెట్టి, ఫైనాన్సులో పాత లారీ కొని, వాయిదాలు కట్టి ఓనరయిన వాళ్ళూ ఉన్నారు. నామక్కల్ ప్రాంతంలో ఇలా పైకొచ్చిన వారు ఎందరో. క్లీనరు, డ్రైవరు, ఓనరు – ఇవి మూడు మెట్లు. ఆ మూడో మెట్టు మీది ఆశే మొదటి మెట్టు మీది కష్టాన్ని ఓర్పించింది.

ఇప్పుడు ఆ మెట్లకు ఏమయిందో చూద్దాం.

మొదటిది, క్లీనరు సీటు ఖాళీ అయింది. పిల్లలు బడికి వెళ్ళారు. అది మంచికే. డీజిలు, టోలు ఖర్చులు పెరిగి, ఇంకో మనిషికి కూలీ, బత్తా ఎందుకని ఓనర్లూ క్లీనరును మానేశారు. పాత బడి మూతపడింది, దానికి బదులు చాలినన్ని కొత్త బడులు రాలేదు. పైగా ఎనిమిదో తరగతి పాసు కానివాడికి లారీ లైసెన్సు లేదన్న నిబంధన ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసివేయ తలపెట్టినప్పుడు, రవాణా రంగంలో 22 లక్షల మంది డ్రైవర్లు తక్కువగా ఉన్నారని చెప్పింది.

రెండోది, డ్రైవరు బతుకు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అంది. కానీ అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటే ఆ చట్టం వర్తించేది. మన దేశంలో ఎక్కువ మంది ఓనర్లకు ఉన్నవి ఒకటి రెండు లారీలు. కాబట్టి ఎక్కువ మంది డ్రైవర్లు చట్టం గీతకు అవతలే ఉండిపోయారు. కూలీ ట్రిప్పు లెక్కన. గేటు బయట రెండు రోజులు లోడు దిగక నిలబడితే ఆ రెండు రోజులకూ లెక్క లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. కానీ గోదాముల ముందు పడిగాపులు పోలేదు.

దీనికి భయం కూడా తోడయింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళ వరకు జైలు. 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు అంది. ఆగితే జనం కొడతారు, పోతే జైలు అని డ్రైవర్లు 2024 జనవరి మొదట్లో బండ్లు ఆపేశారు. ఆ జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క అంశాన్నీ పక్కన పెట్టారు.

మూడోది, ఓనరు మెట్టు అందకుండా పోయింది. కొత్త కాలుష్య ప్రమాణాలతో 2020 ఏప్రిల్ నుంచి లారీ ధర ఇంకా పెరిగింది. కూలీ మిగిల్చి లారీ కొనడం అయ్యే పని కాదు. మరి కుర్రవాడు ఏ ఆశతో వస్తాడు? ఊళ్ళోనే మిల్లు పనికి పోతాడు, పట్నంలో కారు తోలుతాడు, లేదా గల్ఫు వెళతాడు. లారీ డ్రైవరుకు పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్ళూ ఉన్నాయి.

కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో 2025లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే చల్లగాలి ఒక్కటే మనిషిని ఆపలేదు. గేటు దగ్గర నిలబడ్డ గంటకు కూలీ కావాలి. దారిలో పడుకోవడానికి చోటు, స్నానానికి నీళ్ళు కావాలి. పని నేర్పే బడి కావాలి. ఇవి ఓనరు ఒక్కడి వల్ల అయ్యేవి కావు. సరుకు పంపే మిల్లూ, దించుకునే వ్యాపారీ కూడా చెయ్యి కలపాలి. డ్రైవరును దూరం చేసిన ఖర్చు చివరికి సరుకు ధరలో మన ఇంటికే వస్తుంది.