గూడు చూచితివా?

వానకాలమున గోదావరి పొంగినప్పుడు భద్రాచలము రేవున దుంగలు కొట్టుకొనివచ్చుట నీవు చూచియుందువు. ఆ దుంగలకు బాతులు కాయునని ఎవరైన చెప్పిన నవ్వుదువు గదా! అయినను ఐరోపాలో గొప్ప చదువరులు ఇట్టి మాటనే కొన్ని వందల యేండ్లు నమ్మిరి.

సముద్రములో తేలు మ్రాకులకును, ఓడల అడుగులకును చిన్న గుల్లజీవులు అంటుకొని పెరుగును. ఇంగ్లీషువారు వీటిని బార్నకిల్ అందురు. వీటిలో ఒక జాతికి మెడవంటి కాడయు, దాని కొనను ముక్కువంటి చిప్పయు, చిప్పలో ఈకలవంటి కాళ్లును కలవు. అయితే ఆ పేరు మొదట గుల్లది కాదు. చలికాలమున ఐర్లండు తీరమునకు వచ్చు ఒక పెద్దబాతుది. దాని గూడుగాని గ్రుడ్డుగాని అక్కడ ఎవరును చూడలేదు. కనుక అది ఈ గుల్లలోనుండియే పుట్టునని తలంచిరి. బాతు పేరు గుల్లకును అంటుకొనెను.

1188 ప్రాంతమున వేల్సు దేశపు పాదిరి గెరాల్డు దీనిని కన్నులారా చూచితినని వ్రాసెను. అతడు చూచినది గుల్లను. ఈ బాతు మాంసమువలన పుట్టినది కాదని కొందరు బిషప్పులు ఉపవాసదినములలో దానిని తినుచుండిరనియు అతడే వ్రాసెను. నోటికి రుచియైన మాటను పరీక్షింప ఎవరికి మనసు వచ్చును?

13వ శతాబ్దమున రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి అట్టి దుంగలను తెప్పించి, గుల్లలను పరిశీలించి, వాటిలో పక్షి పోలిక ఏదియు లేదనెను. ఆ బాతులు ఎక్కడనో దూరమున గూడు కట్టుటచేత, ఎరుగనివారు ఈ కథ అల్లిరనెను. 1596లో ఉత్తర ధ్రువపు దాపున స్పిట్స్‌బెర్గెన్ దీవిలో డచ్చి నావికులు అడవి బాతులు గ్రుడ్లు పొదుగుచుండగా చూచిరి. మరుసటి యేటనే ఇంగ్లండులో అచ్చైన జాన్ గెరార్డు మూలికల గ్రంథములో బాతులు కాచు చెట్టు బొమ్మ వేసిరి! 1830లో థాంప్సన్ అను శాస్త్రజ్ఞుడు గుల్ల పిల్లలను పరీక్షించి, ఇది రొయ్యకును పీతకును చుట్టమని తేల్చెను. అబద్ధము పోయెను, పేరు మాత్రము పోలేదు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకొనవద్దు. మన అడవి పల్లెలలో బిడ్డకు జ్వరము వచ్చిన, ఒక దిక్కులేని ముసలమ్మ చేతబడి చేసినదట అందురు. చూచినవారున్నారట అందురు. ఆమె చూచిన చూపు, నడచిన దారి వారు చూచిరేమో. చేతబడిని ఎవరు చూచిరి? జ్వరము తగ్గును గాని మంత్రగత్తె అను పేరు ఆమెను సమాధివరకు విడువదు. కొన్ని తావుల ఆ పేరే ప్రాణము తీసినది.

సహోదరుడా, సహోదరీ, బెరయవారు అపొస్తలుని మాటనైనను పరిశోధించిరి గదా! "అట" అను మాట నీ వాకిటికి వచ్చినప్పుడు, దానిని పొరుగింటికి పంపకముందు ఒక్కటి అడుగుము: గూడు చూచితివా?