తూకం సరే, వన్నె ఎంత?

బెళుగుప్ప నుంచి ఉరవకొండ మీదుగా పోతే వజ్రకరూరు వస్తుంది. తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెదికే ఊరది. అక్కడ దొరికిన రాయికి ధర కట్టడమంటే వ్యాపారి నోటిమాటే. బరువు రెండింతలైతే ధర రెండింతలతో ఆగదు. లోపల మరక ఉంటే సగానికీ అడగరు. బంగారం అలా కాదు. ఎంత తూగింది, అందులో అసలు పసిడి ఎన్ని పాళ్లు అన్నది తెలిస్తే ధర ఎవరైనా కట్టొచ్చు. చిక్కంతా ఆ రెండో లెక్కతోనే. తూకం అందరికీ కనిపిస్తుంది, వన్నె మాత్రం షరాబు కంటికే తెలుస్తుంది.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేశాక థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి శిస్తు నిర్ణయించాడు. లెక్కలన్నీ వరహాల్లోనే. అయితే ఏ వరహా? పక్కనున్న మైసూరు కంఠీరాయి ఫణాలు పది కలిపితే ఒక వరహా అనేవారు. తమాషా ఏమిటంటే, ఆ వరహా నాణెంగా ఎన్నడూ ముద్ర పడలేదు, కవిలెల్లోనే బతికింది. మద్రాసు నక్షత్ర వరహా తూకం సుమారు 3.4 గ్రాములు. 24 పాళ్లలో 19 పైచిలుకే పసిడి కాబట్టి నికరం 2.7 గ్రాములు. అరిగినదానికీ, వన్నె తగ్గినదానికీ మారకంలో వట్టం పోయేది. అది ఎంతన్నది షరాబు చెప్పాలి, రైతు వినాలి. 1818లో మద్రాసు సర్కారు వెండి రూపాయిని ప్రమాణం చేసి, 100 వరహాలకు 350 రూపాయలని తేల్చేసింది.

నిజానికి లెక్క తెలిసినవాళ్లు మనకు ఎప్పుడో ఉన్నారు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో రకరకాల వన్నెల బంగారాన్ని కలిపి కరిగించే లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. సూత్రం తేలికే. పదహారు వన్నెలది మేలిమి అనుకుందాం. 14 వన్నెలది 10 గురిగింజల ఎత్తు, 12 వన్నెలది 6 గింజల ఎత్తు కరిగించాం. 140, 72 కలిపితే 212. దాన్ని 16 గింజలతో భాగిస్తే ముద్ద వన్నె పదమూడుంబావు.

ఇక వన్నె పట్టేది గీటురాయి. నల్లటి నున్నని రాయి మీద నగను ఒక గీటు గీస్తారు, పక్కనే వన్నె తెలిసిన కడ్డీతో ఇంకో గీటు. రెంటి మీదా నత్రికామ్లం చుక్క వేస్తే రాగి పచ్చగా పొంగి కరిగిపోతుంది, పసిడి నిలుస్తుంది. రెండు గీట్లలో ఏది ఎంత మిగిలిందో చూసి వన్నె చెబుతారు. ఇంత సులువైన పరికరానికి అంత అనుభవం కావాలి! పైగా రాయి చెప్పేది నగ పైపొర సంగతే. లోపల లక్క ఉందో, ఇత్తడి ఉందో దానికేం తెలుసు?

వెండి రూపాయికి ఈ తంటా లేదు, దాని మీదున్న ఏడు చూస్తే చాలు. 1939 దాకా వేసినదానిలో 11.66 గ్రాములకు 12లో 11 పాళ్లు వెండి. 1940 నుంచి సగమే. 1947కల్లా నికెలే. పాత పెట్టెలో ఆ రెండు రకాల వెండి రూపాయలూ కలిసే ఉంటాయి, చూపుకు ఒకలాగే ఉంటాయి. అమ్మబోయినప్పుడు మొదటిది రెండోదానికి దాదాపు రెండింతలు పలుకుతుంది.

వేరుశనగ విత్తనాల వేళ ఈ మెట్టసీమలో బంగారం బ్యాంకుకు నడుస్తుంది. అక్కడా నడిచేది పాత లెక్కే. మదింపుదారు నగను తూచి, రాళ్ల బరువు తీసేసి, గీటు గీసి, వన్నె తక్కువైతే 22 క్యారెట్లకు సరిపడా బరువు కడతాడు. 18 క్యారెట్ల గొలుసు 11 గ్రాములుంటే కాగితం మీద 9 గ్రాములే పడుతుంది. కొన్నప్పుడు ఇచ్చిన మజూరీ, తరుగు ఈ లెక్కలోకి రావు. 2021 జూన్‌లో ఎంపిక చేసిన జిల్లాల నుంచి మొదలుపెట్టి హాల్‌మార్కు తప్పనిసరి చేశాక, కొత్త 22 క్యారెట్ల నగ మీద 916 అంకె, ఆరక్షరాల గుర్తు ఉంటున్నాయి. ఆ గుర్తును ఫోన్‌లో కొట్టి చూసుకోవచ్చు. తాకట్టుకు వచ్చే నగల్లో మాత్రం అత్తగారు పెట్టినవీ, అమ్మమ్మ ఇచ్చినవీ కూడా ఉంటాయి. ముద్ర లేని వాటికి ఆ నల్లరాయే దిక్కు.