కలకత్తా పెట్టిన పేరు

ఫుట్‌బాల్ టీములో ఇప్పుడు ముందు వరుసలో ఇద్దరో ముగ్గురో ఆడతారు. డెబ్బై ఐదేళ్ల కిందట మన దేశంలో ఐదుగురు ఆడేవారు. కుడి అంచున ఒకరు, ఎడమ అంచున ఒకరు, నడిమధ్యన ఒకరు, వాళ్ల పక్కన ఇద్దరు. 1949 నుండి 1953 దాకా కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆ ఐదు చోట్లలో ఆడినవారు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. జనం వాళ్లకు పెట్టిన పేరు పంచపాండవులు. వీరిలో భీముడెవరు అని మా తమ్ముడు అడిగాడు గానీ, ఆ లెక్క ఎవరూ వేసినట్టు లేదు. ఐదుగురు కలిస్తేనే ఆ పేరు.

నన్ను ఆలోచింపజేసింది వేరే సంగతి. ఆ ఐదుగురిలో బెంగాలీ ఒక్కరు కూడా లేరు. అందరూ దక్షిణాది వాళ్లే. అహ్మద్ ఖాన్‌ది బెంగళూరు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా ఆడిన మన టీములో ఆయన ఉన్నారు. సాలేది కేరళ. అప్పారావు మన ఆంధ్ర మనిషి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో గదా ఏర్పడింది, అంతవరకు అది మద్రాసు రాష్ట్రంలో భాగమే. అంటే ఒకప్పుడు ఆయనదీ మనదీ ఒకే రాష్ట్రం!

వీళ్లు ఉన్నప్పుడు ఆ క్లబ్బు 1949లో కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు మూడూ గెలిచింది. షీల్డు 1950, 1951లో కూడా వాళ్లదే. 1951, 1952లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు.

కప్పులకంటే ముఖ్యమైనది, చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరన్నది. 1947లో దేశం రెండైంది. తూర్పు బెంగాల్లో ఇల్లూ పొలమూ వదిలేసి ఎంతోమంది కలకత్తా చేరారు. ఈ క్లబ్బు అభిమానుల్లో వాళ్లు చాలా ఎక్కువ. మతం పేరుతో జరిగిన గొడవల్లో అన్నీ పోగొట్టుకున్నవాళ్లు, కొన్నేళ్లకే అహ్మద్ ఖాన్‌ను, సాలేను పాండవుల్లో కలిపేసుకున్నారు. పాండవులు కూడా రాజ్యం పోయి అడవులు పట్టినవాళ్లే. జనం అంత ఆలోచించి పెట్టారో లేదో గానీ, పేరు మాత్రం సరిగ్గా కుదిరింది.

ముందు వరుసకు పేరు పెట్టడం ఐస్ హాకీలో పెద్ద అలవాటు. అక్కడ ముందు ఆడేది ముగ్గురు. రష్యా ఆటగాళ్లు క్రుతోవ్, లారియోనోవ్, మకరోవ్‌లను పేర్ల మొదటి అక్షరాలతో కె.ఎల్.ఎం. అన్నారు. అది సరదా పేరు. అమెరికాలోని బోస్టన్ బ్రూయిన్స్ టీము సంగతి అలా కాదు. మిల్ట్ ష్మిట్, వుడీ డ్యూమార్ట్, బాబీ బావర్ ముగ్గురూ కెనడాలోని కిచెనర్ ఊళ్లో పెరిగిన జర్మన్ వంశం వాళ్లు. (ఆ ఊరి పాత పేరు బెర్లిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో మార్చేశారు.) వాళ్లను ‘క్రౌట్ లైన్’ అన్నారు. క్రౌట్ అంటే క్యాబేజీ ఊరగాయను అడ్డం పెట్టుకుని జర్మన్లను వెక్కిరించే మాట. 1942 ఫిబ్రవరిలో ఆ ముగ్గురూ జర్మనీకి ఎదురు నిలిచిన కెనడా వైమానిక దళంలో చేరడానికి వెళ్తుంటే, చివరి మ్యాచి అయ్యాక రెండు టీముల ఆటగాళ్లూ వాళ్లను భుజాల మీద మోశారు. అయినా చరిత్రలో మిగిలింది ఆ వెక్కిరింత పేరే.

మాధవరంలో ఉండే మాకు ఇది కొత్త కాదు. పాల కాలనీ వైపు ఆడుకోవడానికి వెళ్తే, మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ‘గొల్టీ, బాల్ వెయ్‌రా’ అన్నవాళ్లున్నారు. తెలుగు అనే మాటను తిరగేసి చేసిన పేరట. కొందరు స్నేహంగానే అంటారు, నేనూ నవ్వేస్తాను. కానీ ఆ పేరు పిలిచిన ప్రతిసారీ నువ్వు బయటివాడివి అని గుర్తు చేస్తుంది. కలకత్తావాళ్లు అప్పారావును ఏ ఊరివాడు, ఏ భాషవాడు అన్నదాన్నిబట్టి పిలవలేదు. తమ ఇళ్లలో చెప్పుకునే కథలోంచి ఒక పేరు తీసి ఇచ్చారు.

ఆ పేరులో ఒక నష్టం కూడా ఉంది. ఐదుగురినీ కలిపి పిలవడంతో ఒక్కొక్కరి పేరు వెనక్కి పోయింది. మా తరగతిలో ఇరవై మందిని అడిగాను, అప్పారావు పేరు ఒక్కరికీ తెలియదు. మెస్సీ ఇంటి పేరు మొత్తం చెప్పారు.